కోచ్ పక్కన మోచెయ్యి

మా అద్దాల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో, చేతులు కడుక్కునే కుళాయిల పైన, ఫుట్‌బాల్ జట్టు ఫోటోలు మొన్నటిదాకా వరసగా ఏడు వేలాడుతుండేవి. ఏడేళ్లకి ఏడు. ప్రతి ఫోటోలోనూ పదకొండుమంది ఆటగాళ్లు, మధ్యలో కుర్చీలో కోచ్. మొదటి ఏడాది ఫోటోలో కుడి అంచున ఒక మోచెయ్యి కనిపిస్తుంది. అది నాది. రెండో ఏడాది చెవి, అదీ నాదే. మూడో ఏడాది నేలమీద ఒక నీడ పడింది, అది నాదో గోల్ స్తంభానిదో ఇప్పటికీ తేలలేదు. నాలుగో ఏడాది బూటు. ఐదో ఏడాది మళ్లీ మోచెయ్యే, కాకపోతే చొక్కా కొత్తది. ఆరో ఏడాది సరిగ్గా ఫోటో తీసేటప్పుడు తుమ్మొచ్చింది కాబట్టి ముక్కు కొస లోపలికి వచ్చింది. ఏడో ఏడాది ఏమీ లేదు. ఈ ఏడు ఫోటోల్లో ఉన్న నన్ను ఒకచోట పోగేస్తే, నడవలేడుగాని, చెప్పింది వినగలిగే మనిషి తయారవుతాడు.

నేను ఆ జట్టుకి అసిస్టెంట్ కోచ్‌ని. నా పని ప్యాకింగ్ సెక్షన్‌లో. అద్దాల మధ్య గడ్డి పెట్టి పెట్టెల్లో సర్దుతాను. నాతోపాటు ఇంకో అసిస్టెంట్ ఉన్నాడు, కటింగ్ సెక్షన్ మనిషి. చెవి మీద పెన్సిలు, జేబులో టేపు, మెడలో ఇంకో టేపు. పెళ్లిచూపులకి వెళ్లినవాడు పిల్లని చూడకుండా ఆ ఇంటి గుమ్మం కొలిచి, పావు అంగుళం వంకరుందని లేచి వచ్చేయబోయాడు. వాళ్ల మామగారు వడ్రంగిని పిలిపించి గుమ్మం సరిచేయించాకే వీడు పెళ్లికి ఒప్పుకున్నాడు. అందరూ వాడిని కొలత అంటారు. వాళ్లావిడ కూడా అలాగే పిలుస్తుంది.

నేను ఫోటోలో ఎందుకు పట్టనంటే, ఫ్రేముకి వేసే అద్దం మేనేజరుగారు మొదటి ఏడాదే ఖాయం చేసేశారు. సరిగ్గా పన్నెండుమంది పట్టే అద్దం. ఫోటో ఎంత పెద్దదొచ్చినా ఆ అద్దానికి తగ్గట్టు కోయాల్సిందే. బయట మనిషి కోసం అద్దాన్ని కోస్తారు. అద్దాల ఫ్యాక్టరీలో అద్దం కోసం మనిషిని కోస్తారు. ఆ కోసేవాడు ఎవరో కాదు, కొలతే. ఎడమ అంచున తనని, కుడి అంచున నన్ను, చెయ్యి వణక్కుండా కోసేస్తాడు.

"ఈసారి నీకు ముప్పావు అంగుళం మిగిల్చాను గురూ," అనేవాడు, ఏదో బహుమతి ఇచ్చినట్టు.

"మరి నీకు?"

"నేను గీతకి అవతలున్నాను. కొలత కొలతే."

దీనికి నేనేమీ బాధపడలేదు. బాధంతా మా అత్తగారిది. ఎందుకంటే ఆ మధ్య కుర్చీలో కూర్చున్న కోచ్ మా తోడల్లుడే. ఆయన పెద్దల్లుడు, నేను చిన్నల్లుడిని. ఆయన ఫర్నేస్ దగ్గర మేస్త్రీ. ఒకసారి ఫర్నేస్ ఆరిపోతే ఆయన దగ్గరికెళ్లి గట్టిగా తిట్టారట, దానంతట అదే అంటుకుంది. మైదానంలోనూ అదే గొంతు. ఆయన అరిస్తే బంతి కూడా ఒక్క క్షణం ఆగి, తర్వాత దొర్లుతుంది.

ఏడాదికొక రోజు మా ఇళ్లవాళ్లందరినీ పిలిచి ఫ్యాక్టరీ తిప్పి చూపిస్తారు. ఏడో ఏడాది మా అత్తగారు వచ్చింది. క్యాంటీన్ గోడ దగ్గర నిలబడి మెడ ఎత్తి ఒక్కో ఫోటో చూసింది.

"పెద్దల్లుడుగారు ఎంత నిండుగా ఉన్నారో! కుర్చీకే అందం వచ్చింది," అంది. తర్వాత కళ్లజోడు ముక్కు మీదకి తోసుకుంది. "నువ్వెక్కడ నాయనా?"

"ఇదిగో అత్తయ్యా. ఈ మోచెయ్యి."

"ఇదా! కుర్చీకి చెయ్యి అనుకున్నాను."

"ఈ చెవి కూడా నాదే."

ఆవిడ చెవిని కాసేపు చూసింది. పోల్చుకోవడానికి నా అసలు చెవిని కూడా చూసింది. "మా వీధిలో అందరికీ ఇద్దరల్లుళ్లూ కోచ్‌లేనని చెప్పుకున్నాను. ఎదురింటావిడ కూతురు ఇక్కడే పనిచేస్తోంది, ఫోటోల్లో ఒక్కరే ఉన్నారని చెప్పిందట. నేనేం చెప్పను? మా చిన్నల్లుడు మోచెయ్యి వరకే కోచ్ అని చెప్పనా?"

"వచ్చే ఏడాది నిండుగా పడతాను అత్తయ్యా."

"తలతో సహా?"

"తలతో సహా."

ఇంటికెళ్లాక మా ఆవిడ బూట్లు విప్పుకోనివ్వలేదు. "ఏమండీ, మా అమ్మకి తలదాకా మాటిచ్చారు. గుర్తుందిగా?" అంది. అలా అని ఊరుకుందా? ఏడాది పొడుగునా, నేను అద్దంలో చూసుకుని గడ్డం గీసుకుంటున్నప్పుడల్లా వెనక నించుని "ఇక్కడైతే బాగానే పడుతున్నారు" అనేది.

ఎనిమిదో ఏడాది వచ్చింది. ఏడు ఆటల్లో ఆరు ఓడిపోయాం. ఆఖరి ఆట సిమెంటు ఫ్యాక్టరీతో, ఇంకా నలభై రోజులుంది. మేనేజరుగారు మమ్మల్ని ముగ్గుర్నీ పిలిచారు. ఆయన గదిలో గోడలన్నీ అద్దాలే కాబట్టి చీవాట్లు తింటున్నవాళ్లు ఫ్యాక్టరీ అంతటికీ కనిపిస్తారు.

"ఇదీ ఓడితే జట్టు లేదు," అన్నారాయన. "జట్టు లేకపోతే ఫోటో లేదు. ఎనిమిదో మేకు కొట్టించి ఉంచాను. దానికి క్యాలెండరు తగిలిస్తాను."

క్యాలెండర్లో మోచేతికి కూడా చోటుండదు.

మా వాళ్లు ఎందుకు ఓడిపోతారో ఇక్కడ చెప్పాలి. కాళ్లలో బలం లేకకాదు. రోజంతా నిలువెత్తు గాజు పలకలు మోసే మనుషులు వాళ్లు. మా ఫ్యాక్టరీలో ఒక పద్ధతుంది. ఒక్కో పలకని ఇద్దరు మోస్తారు, చెరో అంచు పట్టుకుని. మోసేవాళ్లు "అద్దం!" అని కేకేస్తారు. ఆ కేక వినబడితే ఎంతటివాడైనా సరే, గోడవైపు తిరిగి, రెండు చేతులూ గుండెకి ఆనించుకుని, కదలకుండా నిలబడాలి. అద్దం దాటిపోయాక "పోయింది!" అంటారు. అప్పుడే కదలాలి. ఉద్యోగంలో చేరిన మొదటి వారం నేర్పేది ఇదే. తర్వాత అది ఒంట్లోకి ఇంకిపోతుంది. మా దగ్గర ఒకాయన తన పెళ్లిలో, ఎవరో గదిలోంచి "అద్దం!" అని అడిగితే, పెళ్లికూతురికి వీపు తిప్పి గోడకేసి నిలబడిపోయాడు.

ఈ సంగతి మిగతా జట్లకి మొదటి ఏడాదే తెలిసిపోయింది. బంతి తీసుకుని వస్తూ "అద్దం!" అంటారు. మా పదకొండుమందీ మైదానం బయటికి తిరిగి, చేతులు గుండెకి ఆనించుకుని నిలబడతారు. వాళ్లు నింపాదిగా గోల్ కొట్టుకుంటారు. "పోయింది" మాత్రం అనరు. ఒకసారి పందొమ్మిది గోల్స్ అలాగే కొట్టించుకున్నాం. ఆట అయిపోయి అందరూ వెళ్లిపోయినా మా లెఫ్ట్ బ్యాక్ ఒక్కడూ కంచె వైపు తిరిగి అలాగే ఉండిపోయాడు. సాయంత్రం వాళ్లావిడ వెతుక్కుంటూ వచ్చి "పోయింది, పదండి" అని తీసుకెళ్లింది.

మా తోడల్లుడు ఏడేళ్లుగా ఈ అలవాటు మాన్పించాలని చూస్తున్నారు. బోర్డు మీద బొమ్మలు గీసేవారు. "అద్దం అంటే ఆగొద్దు!" అని అరిచేవారు. ఆయన ఆ వాక్యంలో మొదటి మాట అనగానే అందరూ గోడకి తిరిగేవారు. మిగతా రెండు మాటలూ వాళ్ల వీపులకే చెప్పుకునేవారు.

మేనేజరు గదిలోంచి బయటికొచ్చాక నేను ఆయన వెంటే ఫర్నేస్ దాకా నడిచాను.

"అన్నయ్యా, ఈ అలవాటు మానదు."

"ఏడేళ్లకి తెలిసిందా తమ్ముడూ?"

"మానకపోతే మానె. అద్దం అంటే ఎవరు ఆగాలి?"

"అందరూ ఆగాలి."

"మోసేవాడు?"

"మోసేవాడెందుకాగుతాడయ్యా? వాడికే కదా దారివ్వాలి..." అని ఆగిపోయారు. ఆయన ముఖంలో ఆలోచన రావడం నాకు స్పష్టంగా కనిపించింది, ఫర్నేస్ వెలుగులో కాబట్టి. "అంటే, అందరి చేతుల్లోనూ అద్దం పెడదామంటావు."

"పదిమందికి ఐదు అద్దాలు."

"గోల్‌కీపరుకి?"

"గుడ్డ ఇద్దాం. తుడుస్తాడు."

"సరే. కాని ఇది నా ఆలోచన."

"మీదే అన్నయ్యా."

అసిస్టెంట్ కోచ్ పనంటే ఇదే. ఆలోచన ఆయన నోట్లోంచి వచ్చేదాకా వెనకనుంచి తోస్తూ ఉండడం.

మర్నాటి నుంచి సాధన మొదలైంది. బుడగలు పడి పక్కన పెట్టిన పలకలు ఐదు, ఒక్కోటి వేలెడు మందం, కొలత మైదానానికి తెచ్చాడు. జోడీకొకటి. పలక చెరో అంచూ పట్టుకుని, బంతిని ఇద్దరి కాళ్ల మధ్య అద్దం కింద నడిపించుకుంటూ పరుగెత్తాలి. మొదటి రోజు నడిచారు. మూడో రోజు పరుగెత్తారు. వారం తిరిగేసరికి వంపులు తిరుగుతూ, వెనక్కి తిరుగుతూ, ఒక జోడీ నుంచి ఇంకో జోడీకి బంతి పంపుతూ, ఒక్క గీత పడకుండా ఆడుతున్నారు. అవతలివాడి అడుగు ఇవతలివాడికి కళ్లు మూసుకున్నా తెలిసేది. నేను గీత బయట పరుగెత్తుతూ "ఎడమ దించు, కుడి ఎత్తు, నీ వైపు బరువెక్కువైంది చూడు" అంటూ ఉండేవాణ్ని. పెట్టెల్లో అద్దాలు సర్దేవాడికి ఇది తప్ప ఇంకేం తెలుసు?

"అన్నట్టు, ఆటలో అద్దాలు పట్టుకోనిస్తారా?" అన్నాడు కొలత, తొమ్మిదో రోజున.

ఆ మాట మాకెవరికీ తట్టలేదు. మా తోడల్లుడు బోర్డు తుడిచేశారు.

"పలచన చేసుకుంటూ పోదాం," అన్నాడు కొలత. వాడి సెక్షన్ కాబట్టి వాడికే తట్టింది. ఆ రోజు నుంచి రోజుకొక రకం తెచ్చాడు. ముందు రోజుకన్నా ప్రతి రోజూ కొంచెం పలచన. తలుపుల అద్దం, కిటికీల అద్దం, గడియారాల అద్దం. ఇరవయ్యో రోజుకి ఉల్లిపొర లాంటిది తెచ్చాడు, ఊపిరి గట్టిగా వదిలితే వంగేది. మా వాళ్లు దాన్ని కూడా పగలనివ్వలేదు. ముప్పయ్యో రోజు తెచ్చినవాటిని చూసి నేను కళ్లు నులుముకున్నాను.

"కొలతా, వీటి మందమెంత?"

"కొలిచాను గురూ. టేపుకి అందలేదు."

అవి ఉన్నాయో లేవో నేను చెప్పను. మా వాళ్లకి మాత్రం ఆ సందేహం రాలేదు. చేతులు అదే దూరంలో, వేళ్లు అదే వంపులో, గాలి ఎదురైతే పక్కకి తిరిగి ఆపుకుంటూ పరుగెత్తారు. సాధన అయ్యాక ఐదు అద్దాల్నీ మోసుకొచ్చి క్యాంటీన్ గోడకి ఆనించేవారు. నేను మధ్యలో గడ్డి పెట్టేవాణ్ని. వంటావిడ గిన్నెలు పట్టుకుని ఆ గోడ చుట్టూ తిరిగి వెళ్లేది. క్యాంటీన్ పిల్లి అక్కడ నిలబడి ముందుకాలితో నెమ్మదిగా తట్టి చూసి, దారి మార్చుకునేది. ఒకరోజు ఒక ఈగ నేలకి మూడడుగుల ఎత్తున గాల్లో వాలి కాళ్లు రుద్దుకోవడం నేను చూశాను. గోల్‌కీపరు గుడ్డ విసిరితే లేచిపోయింది.

ఆట రోజు వచ్చింది. మధ్యాహ్నం ఎండ, మైదానం చుట్టూ రెండు ఫ్యాక్టరీల జనం. సిమెంటు జట్టులో ముందు ఆడేవాణ్ని రోడ్డు రోలరు అంటారు. వాడు పరుగెత్తిన చోట గడ్డి మళ్లీ మొలవదు. వాడు మావాళ్లని చూసి నవ్వాడు.

"ఏంట్రా, చేతులు చాపుకుని వచ్చారు? మంచం మోస్తున్నారా?"

"జాగ్రత్త, అంచు పదునుగా ఉంది," అన్నాడు మా పొడుగోడు. పొడుగోడూ పొట్టోడూ మా ముందు జోడీ.

రెఫరీ తపాలా ఆఫీసులో పనిచేస్తాడు. ముద్ర కొట్టినట్టు ఒక్క ఈల వేశాడు. రోలరు బంతి తీసుకుని, అలవాటు ప్రకారం "అద్దం!" అని గట్టిగా అరిచాడు.

మా పదిమందిలో ఒక్కడూ గోడకి తిరగలేదు. మోస్తున్నవాళ్లు ఆగక్కర్లేదుగా. పైగా పదిమందీ ఒక్కసారే "అద్దం!" అని తిరిగి అరిచారు. రోలరు వేగంగా వచ్చి వచ్చి, పొడుగోడికీ పొట్టోడికీ మధ్య ఖాళీ ఉంది కదా అని దూరాడు.

డబ్‌మని చప్పుడైంది. నేను విన్నాను. కొలత కూడా విన్నాడు. రోలరు వెనక్కి పడి ముక్కు పట్టుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం కారుతోంది.

రెఫరీ వచ్చాడు. "ఏం తగిలింది?"

"అద్దం సార్," అన్నాడు రోలరు.

"ఎక్కడ?"

రోలరు చూపించాడు. రెఫరీ దగ్గరికెళ్లి, కాస్త వంగి, అటు నుంచి చూశాడు, చుట్టూ తిరిగి ఇటు నుంచి చూశాడు. "పట్టుకున్నవాళ్లు కదిలారా?"

"లేదు సార్, నేనే వచ్చి గుద్దుకున్నాను."

"అయితే వాళ్ల తప్పు లేదు," అని ఆట సాగించాడు.

ఆ తర్వాత సిమెంటు వాళ్లకి ప్రాణాలు అరచేతిలోకి వచ్చాయి. మా జోడీ ఎదురొస్తే పక్కకి జరిగేవారు. జరగడానికి చోటులేకపోతే వంగి కిందనుంచి వెళ్లేవారు. బంతి అద్దం కింద, మావాళ్ల కాళ్ల మధ్య ఉంటే కాలు పెట్టి లాగే ధైర్యం ఎవడికుంది? మావాళ్ల చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి చేతికి బంతి తగిలిందన్న మాటే రాలేదు. వాళ్లు దూరం నుంచి కొట్టిన రెండు బంతులు మా గోల్ ముందు జోడీ దగ్గరికొచ్చి, మధ్యలో దేనికో తగిలినట్టు వెనక్కి వెళ్లాయి. మా గోల్‌కీపరు బయటికొచ్చి, బంతి తగిలిన చోట ఊది, గుడ్డతో మరక తుడిచి వెళ్లాడు.

కాని గోల్ మాత్రం పడలేదు. ఎందుకంటే మావాళ్లు అద్దాన్ని పగలనివ్వరు. సిమెంటు గోల్‌కీపరు ముందుకి దూకబోతే చాలు, అద్దం ఎక్కడ తగులుతుందోనని మా జోడీయే వెనక్కి తగ్గేది. మా తోడల్లుడు "తొయ్యండి! తొయ్యండి!" అని అరుస్తున్నారు. ఎవరు తోస్తారు? ఇరవై ఏళ్లుగా తొయ్యొద్దనే కదా నేర్పింది.

ఇంకా ఐదు నిమిషాలుంది. సున్నా సున్నా. సమం అయితే గెలిచినట్టు కాదని మేనేజరుగారు ముందే చెప్పారు. నాకు ఆ ఎనిమిదో మేకు, దాని మీద క్యాలెండరు, దాని ముందు మెడ ఎత్తి నిలబడ్డ మా అత్తగారు కనబడ్డారు. కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఎదురుగా ఎండ. సాయంకాలం ఎండ, వాళ్ల గోల్ వెనక నుంచి నేరుగా మా గోల్ వైపు పడుతోంది.

పెట్టెల్లో అద్దాలు సర్దేటప్పుడు నాకు రోజూ జరిగే సంగతే అది. మధ్యాహ్నం దాటాక కిటికీ వైపు అద్దం వంచితే అవతల బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తా, కళ్లలో వెలుగు పడిందని తిడతాడు.

"కొలతా, వంపు ఎంతుండాలి?"

కొలత సూర్యుణ్ని చూశాడు, గోల్‌కీపరు కళ్లని చూశాడు, పెన్సిలుతో గాల్లో ఒక గీత గీశాడు. "పైఅంచు ఇవతలికి నాలుగున్నర అంగుళాలు. ఐదు వద్దు, వెలుగు వాడి తల మీదుగా పోతుంది."

నేను గీత వెంట పరుగెత్తాను. నా గొంతు మా తోడల్లుడి గొంతు ముందు దోమ. అయినా నలభై రోజులుగా నా దోమ గొంతు వింటున్న చెవులవి.

"పొడుగోడా! పొట్టోడా! ఆగండి! పైఅంచు ఇవతలికి, నాలుగున్నర!"

వాళ్లు వెనక్కి చూడకుండానే ఆగి, వంచారు. సిమెంటు గోల్‌కీపరు ఒక్కసారిగా "అబ్బా!" అని రెండు చేతులూ కళ్లకి అడ్డం పెట్టుకున్నాడు. పొట్టోడు కాలి బొటనవేలితో బంతిని ముట్టుకున్నాడు, అంతే. అది దొర్లుకుంటూ దొర్లుకుంటూ, ఎవరికీ ఇబ్బంది కలగకుండా, గోల్‌లోకి వెళ్లింది.

సిమెంటు కెప్టెన్ రెఫరీ మీదకి వచ్చాడు. "ఇదెక్కడి న్యాయం సార్? కళ్లలో వెలుగు కొట్టారు!"

"దేంతో?"

"అద్దంతో!"

రెఫరీ మైదానమంతా ఒకసారి చూశాడు. "మైదానంలో అద్దమేం లేదు. గోల్ ఇస్తున్నాను."

"మరి మొదట్లో మీరు దాని చుట్టూ తిరిగెళ్లారెందుకు?"

"నా జాగ్రత్త నాది," అని వెనక్కి నడిచాడు. నడుస్తూ, పొట్టోడి దగ్గరికొచ్చేసరికి మళ్లీ చుట్టూ తిరిగే వెళ్లాడు.

ఆట అయిపోయింది. ఎనిమిదేళ్లలో మొదటి గెలుపు. జనమంతా వచ్చి మా తోడల్లుణ్ని భుజాల మీదకెత్తుకున్నారు. ఆయన పైనుంచి "నేను ముందే చెప్పాను! నేను ముందే చెప్పాను!" అంటున్నారు. ఏం చెప్పారో ఎవరూ అడగలేదు. మా పదిమంది మాత్రం గంతులెయ్యకుండా అద్దాలు నెమ్మదిగా తెచ్చి గోల్ స్తంభానికి ఆనించి, అప్పుడు గంతులేశారు. నేనూ కొలతా నీళ్ల సీసాలు ఏరుకున్నాం.

ఫోటో అక్కడే తియ్యాలన్నారు మేనేజరుగారు. స్టూడియో ఆయన మూడుకాళ్ల స్టాండు దించాడు. కోచ్‌కి కుర్చీ వేశారు. ఐదుగురు కింద, ఆరుగురు వెనక. చేతులు కట్టుకున్నారు. మేమిద్దరం పాత అలవాటు కొద్దీ చెరో అంచునా నిలబడ్డాం. స్టూడియో ఆయన కూడా పాత అలవాటు కొద్దీ చెయ్యి ఊపాడు.

"అంచుల్లో ఇద్దరూ, కాస్త బయటికి."

నేను ఒకడుగు జరిగాను. ఇంకో అడుగు జరిగాను. తలతో సహా అని చెప్పిన మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. మోచెయ్యినైనా లోపల ఉంచుదామని కొంచెం చాపాను.

అంతలో మేనేజరుగారు "ఆగండాగండి," అన్నారు. "గెలిపించింది మన సరుకు. అద్దం ఫోటోలో పడాలి. జట్టు ముందు పెట్టండి."

"ఎలా పెడతారండీ? పడిపోతుంది," అన్నాడు స్టూడియో ఆయన. ఆయన కళ్లు గోల్ స్తంభం వైపే ఉన్నాయి. దానికి దూరంగానే స్టాండు వేసుకున్నాడు.

"ఎవరైనా పట్టుకోండి."

ఆటగాళ్లు చేతులు కట్టుకుని ఉన్నారు. చేతులు విప్పితే వరస పాడవుతుందని స్టూడియో ఆయన ఒప్పుకోలేదు. కోచ్ కుర్చీ దిగరు. మేనేజరుగారు అటూ ఇటూ చూశారు. ఖాళీ చేతులున్నవాళ్లు మైదానం మొత్తానికి ఇద్దరే కనబడ్డారు.

మేం వెళ్లి స్తంభం దగ్గర్నుంచి ఒక పలక ఎత్తాం. "అద్దం!" అన్నాను నేను. జట్టు మొత్తం వెనక్కి తిరిగిపోయి చేతులు గుండెకి ఆనించుకుంది, కోచ్‌తో సహా. తెచ్చి జట్టు ముందు నిలబెట్టి "పోయింది" అన్నాక మళ్లీ ఇటు తిరిగారు. కొలత ఎడమ అంచున, నేను కుడి అంచున.

"తమ్ముడూ," అన్నారు మా తోడల్లుడు వెనకనుంచి, మొదటిసారి మెల్లగా. "గట్టిగా పట్టుకో. కింద నా మోకాళ్లున్నాయి."

"పట్టుకున్నాను అన్నయ్యా."

స్టూడియో ఆయన ఫోటో తీశాడు.

అప్పటికీ నా ఆశ సగమే. కోత ఇంకా ఉంది. మర్నాడు కొలత బల్ల మీద ఫోటో పరిచి, పైన పన్నెండుమంది పట్టే ఆ పాత అద్దం పెట్టి, పెన్సిలుతో రెండు గీతలు గీశాడు. కుడి గీత సరిగ్గా నా భుజం మీదుగా పోయింది. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. వాడు కత్తి తీశాడు, పెట్టాడు. మళ్లీ తీశాడు. ఉదయం నుంచి భోజనాల గంట కొట్టేదాకా అదే పని.

"గురూ, నా వల్ల కాదు," అన్నాడు చివరికి.

"ఎందుకు? ఏడేళ్లుగా కోస్తున్నావుగా."

"ఇక్కడ కోస్తే నువ్వు పోతావు."

"పోతూనే ఉన్నాను కదా."

"నువ్వు పోతే పోయావయ్యా! అద్దం ఎవరు పట్టుకుంటారు?" వాడు కత్తి మళ్లీ బల్ల మీద పెట్టేశాడు. "ఇటు నిన్ను కోసి, అటు నన్ను కోస్తే, అది నిలువునా ముందు వరస మీద పడుతుంది. కోచ్ మోకాళ్ల మీద పడుతుంది. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క అద్దం పగలగొట్టలేదు నేను."

మేనేజరుగారు వచ్చారు. ఫోటో చూశారు, గీతలు చూశారు, ముందు వరసలో కూర్చున్న ఐదుగురి తలలు చూశారు. గదిలో అద్దాల మధ్య బతికే మనిషి, ఆయనకి వివరంగా చెప్పక్కర్లేదు.

"కొయ్యొద్దు," అన్నారు. "పెద్ద ఫ్రేము చేయించండి."

"మరి దాని మీదకి అద్దం? అంత పెద్దది ఇప్పుడు కోయాలంటే..."

"ఫోటోలో ఉందిగా. రెండోది ఎందుకు, దండగ."

అలా ఎనిమిదో మేకుకి ఎనిమిదో ఫోటో ఎక్కింది. ఆ గోడ మీద పైన అద్దం లేని ఫోటో అదొక్కటే. నమ్మకపోతే క్యాంటీన్‌కి వెళ్లి చూడండి.

ఇళ్లవాళ్లని పిలిచే రోజున మా అత్తగారు వచ్చింది. ఈసారి ఎదురింటావిడని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. నేను కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నట్టు నిలబడ్డాను. చేతులు ఏడుసార్లు కడుక్కున్నాను.

అత్తగారు కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకుంది. కింది నుంచి మొదలుపెట్టింది. బూట్లు చూసింది, రెండూ ఉన్నాయి. మోకాళ్లు, నడుము, రెండు మోచేతులు, భుజాలు. తల దగ్గరికొచ్చి ఆగింది. రెండు చెవులూ లెక్క చూసుకుంది.

"ఈయనేనమ్మా మా చిన్నల్లుడు," అంది ఎదురింటావిడతో. "పెద్దల్లుడు కూర్చున్నారు గాని, పని చేసేది ఈయనే. చూడు, ఫోటోలో కూడా ఎలా పని చేస్తున్నారో."

ఎదురింటావిడ దగ్గరికి వంగింది. "చేతులు చాపుకుని నిలబడ్డారు. ఏం పట్టుకున్నారండీ?"

"అద్దం," అంది మా అత్తగారు, అది కూడా తెలియదా అన్నట్టు. "కాస్త పక్కకి జరుగమ్మా."

ఎదురింటావిడ జరిగింది. మా అత్తగారు ఫోటోకి ఎదురుగా నిలబడి, ముఖం అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుని, చెవి మీద పడిన వెంట్రుకలు సవరించుకుంది.